పదిమంది దాకానే దేవుడు

కిందటి అక్టోబరులో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి, అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో ఒక చిన్న ఊరి టౌన్ ఆఫీసు కిటికీ దగ్గర, మా అట్లతద్దికి పర్మిట్ ఇవ్వడం కుదరదని చెప్పారు. గడియారం కిటికీకి ఎదురుగా గోడ మీదే ఉంది. టైము చూసి, చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి, అక్కడే నిలబడి రాసుకున్నాను. యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఏ సంగతి జరిగినా వారంతో, గంటతో రాసుకోకపోతే నాకు తోచదు.

ఆ ఊరి పేరు మాత్రం రాయను. తమ కేలండరులో ఏ దేవుడి పండుగ పేరూ ఉండకూడదని వాళ్ళు తీర్మానం చేసుకున్నారు. నేను రాసేదాంట్లో వాళ్ళ ఊరి పేరు ఉండకూడదని నేనూ తీర్మానం చేసుకున్నాను. చెల్లుకు చెల్లు.

నేపర్‌విల్‌లో పిండి బకెట్టు

మా అమ్మాయి పద్మ షికాగో పక్కన నేపర్‌విల్‌లో నర్సు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చాను. వచ్చిన రెండో నెలలో మా అక్క మనవరాలు స్వాతి ఫోన్ చేసింది. "చిన్నమ్మమ్మా, ఈ ఏడు నా నోము తీర్చుకుంటాను, నువ్వు రావాలి" అంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అట్లతద్ది మా గోదావరి జిల్లాల్లో ఆడపిల్లల పండుగ. తెల్లారకముందే లేచి పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని, పగలంతా ఉపవాసం ఉండి, ఉయ్యాల ఊగి, సాయంత్రం పసుపుతో చేసిన గౌరమ్మకి పూజ చేసి, చంద్రుణ్ణి చూసి అట్లు తింటారు. నోము పట్టినవాళ్ళు దాన్ని తీర్చుకోవాలి. తీర్చుకోవడం అంటే పదకొండుమంది ఆడవాళ్ళని పిలిచి, ఒక్కొక్కరికి పదకొండేసి అట్లు వాయనం ఇవ్వడం.

స్వాతికి పద్నాలుగో ఏట వాళ్ళమ్మ సుగుణ చేయిపట్టి ఈ నోము పట్టించింది. సుగుణ నాకు కూతురి వరస. రెండేళ్ళ క్రితం పోయింది. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని, "పిన్నీ, దాని నోము నువ్వు దగ్గరుండి తీర్పించు" అంది. తల్లి పోయిన ఏడాది స్వాతి పండుగే చేసుకోలేదు. తరవాతి ఏడాది పదకొండుమంది దొరకలేదు. ఈ ఏడు కూడా తప్పితే మొత్తం మొదటికి వస్తుందని దాని భయం. తల్లి చేతిమీదుగా మొదలైనది మధ్యలో తెగిపోతుందని ఆ పిల్ల ఏడుపు.

పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒక్క అట్లు. స్వాతి మిక్సీ చిన్నది. పిండి పద్మ ఇంట్లో గ్రైండర్లో రుబ్బి, మూత ఉన్న బకెట్టులో పోసి, ఐసు డబ్బాలో పెట్టి తీసుకెళ్దామనుకున్నాం. నాలుగు రోజులు సెలవు పెట్టి సోమవారం పొద్దున్నే పద్మ కారు తీసింది. ఐసు వేయడం మరిచిపోయింది. నన్నడిగితే నర్సులకి మనుషుల సంగతే గుర్తుంటుంది, పిండి సంగతి గుర్తుండదు.

పెద్ద ఏరు

రెండున్నర గంటలు మొక్కజొన్న చేలే. మా వైపు చేను అంటే మనిషి కనిపిస్తాడు. ఒకడు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తుంటాడు, ఒకామె తలమీద మోపుతో వెళ్తుంటుంది. ఇక్కడ అంతంత చేలల్లో ఒక్క మనిషీ లేడు. ఎవరు కోస్తారే అంటే మిషను కోస్తుంది అంది పద్మ.

తరవాత మిసిసిపీ నది వచ్చింది. ఎంత పొగరుగా పారుతోందో! మా గోదావరి గుర్తొచ్చింది. వెంటనే చేతిసంచిలోంచి పావలా డాలరు బిళ్ళ తీసి కిటికీ దించాను.

"అమ్మా! బ్రిడ్జి మీద కిటికీ తీయకు!"

"ఏరు దాటుతూ డబ్బు వేయకుండా ఎలా వెళ్తామే?"

"ఇక్కడ రోడ్డు మీద చెత్త పడేస్తే ఫైన్ వేస్తారు."

"డబ్బు చెత్త ఎప్పుడయ్యింది?"

వేసేశాను. అది నీళ్ళలో పడలేదు, ఇనప కమ్మీకి తగిలి మళ్ళీ రోడ్డు మీదే పడింది. పద్మ అవతలి ఒడ్డు వచ్చేదాకా అద్దంలో వెనక్కి చూస్తూనే నడిపింది, పోలీసు వస్తాడేమోనని. ఈ దేశంలో మనవాళ్ళు సగం వెనక్కి చూస్తూనే బతుకుతారు. అది అప్పుడు నవ్వులాటగా అనిపించింది.

ఏరు దాటాక రోడ్డు పక్కన ఒక బల్ల మీద గుమ్మడికాయలు పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. అట్టముక్క మీద ధర రాసి, పక్కన చిల్లు పెట్టిన డబ్బా ఉంచారు. కాయ అయిదు డాలర్లు. తీసుకుని డబ్బు డబ్బాలో వేసి వెళ్ళాలి. నేను అట్టముక్క కూడబలుక్కుని చదివి, కాయ తీసుకుని, నోటు వేసి, కాసేపు అక్కడే నిలబడ్డాను. రాసినదాన్ని నమ్మే మనుషుల దేశం అని ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు, అందుకే ముందే రాసేస్తున్నాను.

ఆ కాయ పెట్టడానికి డిక్కీ తీస్తే, బకెట్టు మూత లేచిపోయి పిండి పద్మ కోటు మీద, రెండు చెప్పుల జతల మీద, కొత్త దుప్పటి మీద పరుచుకుని ఉంది. కారులో హీటరు వేసుకుని కూర్చుంటే పిండి పొంగదా మరి! సగం దక్కింది. పద్మ నవ్వాలో ఏడవాలో తెలియక దుప్పటి దులుపుతూ, "దీన్ని ఏ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలో ఆ గౌరమ్మకే తెలియాలి" అంది.

చెత్తబండి బొమ్మ

ఊరు చేరేసరికి సాయంత్రమైంది. ఒక పెద్ద వీధి, రెండు చర్చీలు, విత్తనాల కంపెనీ ఒకటి. ఆ కంపెనీలోనే స్వాతి, దాని మొగుడు కిరణ్, ఇంకో ఏడెనిమిది తెలుగు కుటుంబాలు పనిచేస్తున్నాయి. కిరణ్‌ది వరంగల్. మంచివాడే, కాస్త భయస్తుడు. మమ్మల్ని చూడగానే, "అమ్మమ్మా, పిండి గింతేనా? మా దిక్కయితే ఇంత పూలు తెచ్చి బతుకమ్మ పేర్చేటోళ్ళు, మీ దిక్కు అన్నీ తినేటియే" అని మొదలెట్టాడు. నవ్వుకున్నాం.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కాలు గట్టిగా వేస్తే కిందావిడ కర్రతో కప్పు మీద కొడుతుంది. ఆ ఇంట్లో పదిహేనుమంది పట్టరు, ఉయ్యాల లేదు, చంద్రుడు కనబడడు. అందుకని ఊరి పార్కు అనుకున్నారు. అక్కడ పిల్లల ఉయ్యాలలు ఉన్నాయి, బల్లలు ఉన్నాయి, తూర్పున అంతా చేలే. పదిమందికి మించితే పర్మిట్ తీసుకోవాలి, అంతే.

వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి టౌన్ వాళ్ళు ఇంటింటికీ పంచిన కేలండరు ఉంది. కేలండరు కనబడితే చదవకుండా ఉండలేను. మా ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండుతూ, వంటయ్యాక ఒకటో తరగతి పిల్లల వెనక కూర్చుని తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు పెద్దక్షరాలు తరవాత పద్మ నేర్పింది. డిసెంబరు కాగితం తిప్పి క్రిస్మస్ ఎక్కడా అని వెతికితే, ఆ గడిలో ఇంకేదో ఉంది.

"ఇదేంటే?"

"వింటర్ హాలిడే అని రాశారు చిన్నమ్మమ్మా. చలికాలం సెలవు" అంది స్వాతి.

"మరి క్రిస్మస్?"

"అదే ఇది."

ఈస్టరు ముందు శుక్రవారానికి వసంతకాలం సెలవు అని ఉంది. పేరు తీసేసి సెలవు మాత్రం ఉంచుకున్నారు! మేం చేసుకోబోయే గురువారం గడిలో ఏముందో చూశాను. చెత్తబండి బొమ్మ ఉంది.

కిరణ్ చెప్పాడు. కిందటేడు టౌన్ హాలు ముందు క్రీస్తు పుట్టిన పశువులపాక బొమ్మలు పెట్టారట. ఇంకొకళ్ళు తమ దేవుడి బొమ్మ కూడా పెట్టాలన్నారు. మరొకళ్ళు దేవుడే లేడని బోర్డు పెడతామన్నారు. కేకలు, లాయరు నోటీసులు. చివరికి కౌన్సిల్ వాళ్ళు కూర్చుని, ఊరి స్థలంలో ఎవరి మత పండుగకీ పర్మిట్ ఇచ్చేది లేదు, ఊరి కాగితాల మీద ఏ పండుగ పేరూ ఉండకూడదు అని తీర్మానం రాశారు.

"అందరికీ ఒక్కటే రూల్ కదా అమ్మమ్మా, గొడవ లేదు" అన్నాడు కిరణ్.

"ఇద్దరు పిల్లలు బొమ్మ కోసం కొట్టుకుంటే బొమ్మ తీసి పొయ్యిలో పెడతారా నాయనా?"

"కోర్టుకు పోతే ఈ రూల్ నిలవదంటున్రు. కానీ ఏడాది పడతది. వీసా మీద ఉన్నోళ్ళం, మనకెందుకు?"

"మరి పర్మిట్ ఎలా ఇస్తారు?"

కిరణ్ స్వాతి వైపు చూశాడు. స్వాతి నేల వైపు చూసింది.

కిటికీ దగ్గర

మంగళవారం స్వాతి, కిరణ్, నేను ముగ్గురం వెళ్ళాం. కిటికీ వెనక ఒక పెద్దావిడ, నా ఈడే ఉంటుంది. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. నవ్వుముఖం. బల్ల మీద మిఠాయి బిళ్ళల గిన్నె. నాకు ఒకటిచ్చింది, తీసుకున్నాను.

కిరణ్ ముందే కాగితం నింపి తెచ్చాడు. ఆవిడ చదువుతూ, "ప్యాన్‌కేక్స్! ఎంత బాగుందో!" అంది. ఆ ముక్క నాకు అర్థమైంది. పద్మ వాళ్ళింట్లో ఆదివారం చేసుకునే తియ్యటి అట్లని ప్యాన్‌కేక్ అంటారు.

"ఏం రాశావు బాబూ కాగితంలో?" అనడిగాను.

"ఏం లేదమ్మమ్మా, ఫార్మాలిటీ. నువ్వు ఊకో."

కాగితం దగ్గర ఎవరైనా నన్ను ఊరుకోమంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన పోయిన పదో రోజున దాయాదులు ఒక కాగితం తెచ్చి, ఏం లేదు వదినా, ఊరికే, అని నా వేలిముద్ర వేయించుకున్నారు. ఇంటి వెనక స్థలం పోయింది. అక్షరాలు నేర్చుకున్నది అందుకే. అప్పట్నుంచి చదివి వినిపించని కాగితం నా ఎదుట కదలనివ్వను.

"స్వాతీ, చదువు."

అది గొంతు తగ్గించి చదివింది. కార్యక్రమం పేరు: ఆడవాళ్ళ ఉయ్యాల, ప్యాన్‌కేక్ సాయంత్రం. నాలుగో వరస: ఇది ఏ మతానికీ చెందిన పండుగ కాదనీ, ఇందులో ఏ దేవుడి ఆరాధనా లేదనీ ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం చోట స్వాతి పేరు.

"పెట్టేశావా?"

"ఇంకా లేదు చిన్నమ్మమ్మా. పెట్టకపోతే పార్కు ఇవ్వరు."

"మీ అమ్మ పట్టించిన నోముకి దేవుడు లేడని రాసి సంతకం పెడతావా? మరి గురువారం ఎవరికి చేస్తావే పూజ? అట్లకా?"

కిరణ్ చేతులు జోడించాడు. "అమ్మమ్మా, నీకు దండం పెడతా. గా ఒక్క సంతకం. మనసుల దేవుడు ఉంటే చాలదా?"

"మనసులో ఉంటే చాలేటట్టయితే ఆ కాగితం మీద లేడని రాయడం ఎందుకు బాబూ?"

కిటికీ వెనకావిడ అందరి ముఖాలూ చూస్తోంది. ఏమైంది అన్నట్టు నావైపు తలెగరేసింది. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంత? చేతులు జోడించి, పైకి చూపించి, గట్టిగా చెప్పాను: "నో ప్యాన్‌కేక్. గాడ్. అవర్ గాడ్."

ఆవిడ నవ్వు ఆరిపోయింది. కోపం కాదు, బాధ. కళ్ళజోడు తీసి, "మీరిది నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది. తరవాత కాగితం తిప్పి కిరణ్ వైపు తోసింది. అప్పుడే గడియారం చూశాను, రెండూ పది.

మేం తలుపు దాకా వెళ్ళాక ఆవిడ పిలిచి స్వాతితో ఒక మాట అంది. నెమ్మదిగా, రెండుసార్లు అంది. "పదిమంది దాటితేనే మీరు నన్ను కలవాలి. పదిమంది లోపు ఎవరు ఏం మొక్కుకున్నా నాకు పనిలేదు."

మంచి మనిషే. కానీ ఆమె మంచితనం ఆ తీర్మానంలో ఒక్క అక్షరం చెరపలేదు. నాకు ఇంకా మంటెత్తింది. చూడండి, ఎంత విడ్డూరమో! పదిమంది దాకా దేవుడు ఉండొచ్చు. పదకొండో మనిషి వస్తే నేరం. మా నోముకి కావలసింది సరిగ్గా పదకొండు!

ఇంటికి చేరాక కిరణ్ అన్నాడు, "నిజం చెప్పినవ్ అమ్మమ్మా. కానీ నువ్వు రేపు ఇండియా పోతవ్. ఈడ ఉండేది మేమే." స్వాతి వంటింట్లోకి వెళ్ళి తల్లి ఫోటో ముందు నిలబడింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు. అబద్ధం ఆపాను సరే, దాంతోపాటు నోము కూడా ఆపానా అని అదే ఆలోచన.

రోసా కొట్టు

బుధవారం స్వాతి, నేను అరటాకుల కోసం వెళ్ళాం. ఆ ఊళ్ళో అరటాకులు మెక్సికోవాళ్ళ కొట్టులో దొరుకుతాయి. వాళ్ళు మొక్కజొన్న పిండి ముద్దల్ని అందులో చుట్టి ఉడకబెడతారట. గడ్డకట్టిన ఆకులు, పొట్లం మూడు డాలర్లు. మా ఊళ్ళో పక్కింటి దొడ్లోకి చేయి చాపితే ఆకు. మూడు డాలర్లంటే అక్కడ అరటిచెట్టునే అడగొచ్చు.

కొట్టావిడ పేరు రోసా. యాభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, బలంగా, చేతులకి పిండి. స్వాతి చేతి గోరింటాకు పట్టుకుని చూసి, ఏ పండుగ అనడిగింది. స్వాతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పింది. కొట్టులో మేం ముగ్గురమే ఉన్నాం, అయినా గొంతు తగ్గించింది! ఒక్క కాగితం ఆ పిల్ల గొంతు ఎంత తగ్గించిందో చూడండి.

రోసా గోడ మీదున్న మేరీమాత పటం చూపించింది. ప్రతి డిసెంబరులో ఆ అమ్మవారి పటాన్ని పూలతో అలంకరించి, పాడుకుంటూ పెద్ద వీధిలోంచి పార్కు దాకా మోసుకెళ్ళేవాళ్ళట. ఈ డిసెంబరు లేదు.

"ఏం చేస్తారు మరి?" అని స్వాతి చేత అడిగించాను.

"కొట్టులో ఈ గోడనుంచి ఆ గోడ దాకా మోస్తాం" అంది. అని నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

ఆవిడకి మా పదకొండు లెక్క చెప్పాం. మాకు పద్మతో కలిపి తెలుగువాళ్ళు పదిమందే. రోసా చేతులు తుడుచుకుని, "నేను వస్తే దేవత ఒప్పుకుంటుందా?" అంది.

"ఆకలి వేసిన ఆడమనిషికి అట్టు పెట్టొద్దని ఏ దేవత అంటుందమ్మా?" అన్నాను. స్వాతి దాన్ని ఇంగ్లీషులో ఏం చెప్పిందో గానీ, రోసా నన్ను వాటేసుకుంది. నా చీరంతా పిండి. ఆ వారం నాకు పిండితోనే గడిచింది.

ఇంటికి వస్తూ మెట్ల మీద స్వాతే అంది. "పార్కులో ఒక్కసారి పదిమందిమే ఉందాం. వాయనం పుచ్చుకున్నవాళ్ళు కంచె దాటి రోడ్డు మీదకి వెళ్ళాక, బయట ఉన్నవాళ్ళు లోపలికి వస్తారు. అబద్ధమూ లేదు, సంతకమూ లేదు." కిటికీ వెనకావిడ రెండుసార్లు ఎందుకు చెప్పిందో పిల్లకి అర్థమైంది. కిరణ్ తల గోక్కుని, "గేటు కాడ నేను నిలబడి లెక్కపెడతా" అన్నాడు. అంత భయస్తుడూ ఆ మాటన్నాడు.

గురువారం

తెల్లారకముందే స్వాతి, పద్మ పెరుగన్నం ముద్దలు తిన్నారు. నాకు నోము లేదు, పెట్టేదాన్ని నేను. దక్కిన పిండికి స్వాతి చిన్న మిక్సీలో విడతలుగా రుబ్బినది కలిపి, పగలంతా మూడు పెనాల మీద అట్లు పోశాం. మధ్యాహ్నం నాలుగింటికి స్వాతికి ఒక మెసేజి వచ్చింది. పదిమందిలో ఒకావిడ రావడం లేదట. గ్రీన్ కార్డు ఫైలు ఇంకా సర్కారు దగ్గరే ఉంది, ఎవరైనా ఫోటో తీస్తే ఏమవుతుందోనని వాళ్ళాయన వద్దన్నాడట. ఆవిడ పేరు రాయను, ఆవిడ భయం ఆవిడది. తప్పు ఆవిడది కాదు. ఉయ్యాల ఊగడానికి కూడా ఫైలు గుర్తుకొచ్చేట్టు చేసినవాళ్ళది.

పదకొండుకి ఒకరు తక్కువ. "పదిమందికి ఇద్దాం, పదకొండోది చూద్దాం" అంది స్వాతి.

ఏడున్నరకి పార్కుకి వెళ్ళాం. లోపల స్వాతి, పద్మ, ఎనిమిదిమంది. మొత్తం పది. కంచె బయట రోడ్డు మీద రోసా, కిరణ్, నేను. బల్ల మీద అరటాకు, ఆకులో పసుపు గౌరమ్మ, వేలెడంత. ఆడపిల్లలు వంతులవారీగా ఉయ్యాల ఎక్కి పదకొండేసి ఊపులు లెక్కపెట్టుకుంటున్నారు. ఇనప గొలుసులు కిర్రుకిర్రుమంటున్నాయి. కాసేపటికి చేల మీంచి చంద్రుడు వచ్చాడు, ఎర్రగా, ఒక పక్క కొంచెం అరిగి.

దాంతోపాటే పోలీసు కారు వచ్చింది.

ఆయన నిదానంగా దిగాడు. కుర్రవాడేం కాదు, పొట్ట ఉంది. ఎవరో ఫోన్ చేశారట. కంచె లోపలికి వెళ్ళి వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. పది. మళ్ళీ లెక్కపెట్టాడు. పది. బయటున్న మా ముగ్గుర్నీ చూపించి ఏదో అడిగాడు. "వాళ్ళు రోడ్డు మీద ఉన్నారు" అంది పద్మ. తరవాత ఆయన అరటాకులోని గౌరమ్మని చూసి, ఇదేంటని అడిగాడు.

స్వాతి ఆయన ముఖంలోకి చూసి చెప్పింది, గొంతు తగ్గించకుండా. "మా దేవత. ఇవాళ మా పండుగ." కంచె బయటున్న నాకు కూడా వినిపించి అర్థమైంది.

ఆయన కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. వెళ్ళిపోలేదు. వెళ్ళి కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

వాయనాలు మొదలయ్యాయి. "ఇస్తినమ్మ వాయనం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటూ తొమ్మిదిమంది పుచ్చుకున్నారు. మాధవి అనే అమ్మాయి బయటికి వచ్చింది, రోసా లోపలికి వెళ్ళింది. పోలీసాయన మెడ సాచి లెక్క చూసుకున్నాడు. రోసాకి తెలుగు మాట రాలేదు, తన భాషలో ఏదో అని కొంగు లేదు కనక ఏప్రన్ చాచి పుచ్చుకుంది. పది.

స్వాతి చేట పట్టుకుని కంచె దగ్గరికొచ్చింది. "చిన్నమ్మమ్మా, రా."

"నేనా? మతి పోయిందా? నేను పుచ్చుకోకూడదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేంటే? మొగుడు పోయినదాన్ని. ముత్తైదువలకి ఇవ్వాలి."

లోపల ఎవరో, "అలా ఇస్తే నోము తీరుతుందంటారా అండీ?" అని సందేహపడ్డారు కూడా.

స్వాతి కదల్లేదు. "మొన్న కిటికీ దగ్గర అంత మాటన్న మనిషివి, ఇప్పుడు నీ అంతట నువ్వే కంచె బయట నిలబడ్డావు. నీకు ఏ టౌన్ వాళ్ళు తీర్మానం రాశారు?"

నిజమే. పంతొమ్మిదేళ్ళుగా వాయనాల వేళకి నేను వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. ఎవరూ పొమ్మనలేదు, ఏ కాగితమూ లేదు, ఏ సర్కారూ చెప్పలేదు. చదివి వినిపించని కాగితం కదలనివ్వనన్నదాన్ని, రాయని కాగితానికి ఏటేటా వేలిముద్ర వేస్తూ వచ్చాను. అట్లు పోసిన చెయ్యి నాది, తినే వరసలో నేను లేను. ఈ ఊరివాళ్ళ మీద నాకెంత కోపం వచ్చిందో, అంత కోపమూ మనవాళ్ళ మీదా, నామీదా వచ్చింది. ఆ కోపంతోనే గేటు తోశాను.

"ఆగు అమ్మమ్మా, ఆగు!" అని కిరణ్ అరిచాడు. "పదకొండయితది! శిరీషా, నువ్వు బయటికి రా ముందు!"

శిరీష పరుగున బయటికి వచ్చింది. నేను లోపలికి వెళ్ళాను. పోలీసాయన లెక్కపెట్టుకున్నాడు. పది.

స్వాతి నా కొంగులో పదకొండు అట్లు పెట్టింది. "ఇస్తినమ్మ వాయనం" అంది. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను. ఆ తరవాత ఉయ్యాల ఎక్కించారు. కాళ్ళు నేలకి అందలేదు. పదకొండు ఊపులూ ఊగాను.

వెళ్ళేటప్పుడు రోసా పోలీసాయనకి ఒక అట్టు ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు, బాగుంది అన్నాడు. అన్నా, ఆయన కాగితం మీద రాసింది రాసిందే. పద్మ తొంగి చూసిందట. పదిమంది అని అంకె వేసి ఉంది. పేర్లు లేవు, పండుగా లేదు. ఆ కాగితం ఆ ఊరి ఆఫీసులో ఏదో ఫైల్లో ఉండే ఉంటుంది, రేపెవరన్నా తీసి చూస్తే ఆ గురువారం అక్కడ ఏమీ జరగలేదని అనుకుంటారు. నాకూ రాయడం వచ్చు కనక నేను రాస్తున్నాను.

ఆ గురువారం అట్లతద్ది. అక్కడ ఉన్నది: నోము తీర్చుకున్న స్వాతి. వాయనం పుచ్చుకున్న పద్మ, శిరీష, మాధవి, హారిక, జ్యోతి, లావణ్య, సౌజన్య, కల్పన, అనూష, రోసా. గేటు దగ్గర లెక్కపెట్టిన కిరణ్. కారుకి ఆనుకుని నిలబడ్డ పోలీసాయన, చొక్కా మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే మిల్లర్. అరటాకులో గౌరమ్మ. పదకొండో వాయనం పుచ్చుకున్న నేను, నూకరత్నం.